బొమ్మకు కూడా ఒక నంబరుంటది: 9503 కథ, మన నిర్మల్ కొయ్యబొమ్మ సంగతి

ఈ ఎపిసోడ్‌ల మన ముచ్చట బొమ్మల గురించి. పిల్లలు ఆడుకునే బొమ్మలే, కాకపోతే ఆట గురించి కాదు. ఆ బొమ్మ బయటి దేశం నుంచి మన దేశంలకు వచ్చేటప్పుడు దాని మీద పన్ను ఎట్ల పడుతది, ఆ పన్నును ఎవరు, ఏ లెక్కన తేలుస్తరు అనే దాని గురించి.

"అన్నా, కస్టమ్స్ ముచ్చట మాకెందుకు, మేమేమన్న కంటైనర్లు తెప్పిస్తున్నమా?" అని కింద కామెంట్ పెట్టేటోళ్లు ఉంటరు. ఆగుండ్రి. మీరు ఫోన్‌ల చూసే బొమ్మ రేటుల ఈ పన్ను ఉంది. దుబాయ్ నుంచి వచ్చే మీ బాబాయి బ్యాగుల ఈ పన్ను ఉంది. నిర్మల్‌ల కొయ్యబొమ్మ చెక్కి బతికే కుటుంబం అన్నంల కూడా ఈ పన్ను ఉంది. కరీంనగర్‌ల, ఆదిలాబాద్‌ల ఆన్‌లైన్ బిజినెస్ పెడదామని చూస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మస్తు మంది ఉన్నరు. వాళ్లయితే చివరిదాకా చూడాల్సిందే.

అసలు ఈ నంబరేంది?

ప్రపంచంల ఏ సరుకు దేశం దాటినా దానికి ఒక నంబరు ఉంటది. దాన్నే హెచ్ఎస్ కోడ్ అంటరు. హార్మోనైజ్డ్ సిస్టమ్ అని పూర్తి పేరు. బెల్జియంల బ్రస్సెల్స్ నగరంల ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ దీన్ని నడుపుతది. 1988 జనవరి 1 నుంచి అమలుల ఉంది. చేప, సిమెంట్, సెల్‌ఫోన్, చెప్పులు, అన్నిటికీ ఒక్కో నంబరు.

మొదటి రెండు అంకెలు అధ్యాయం. బొమ్మలు, ఆటలు, స్పోర్ట్స్ సామాను ఉండేది 95వ అధ్యాయంల. మొదటి నాలుగు అంకెలు హెడ్డింగ్. పిల్లల బొమ్మలకు 9503. ఆరు అంకెల దాకా ప్రపంచమంతా దాదాపు ఒక్కటే. ఆ తర్వాత రెండు అంకెలు మన దేశం సొంతంగ పెట్టుకున్నది. అట్ల మన దగ్గర మొత్తం ఎనిమిది అంకెలు. 95030010 అంటే ఎలక్ట్రానిక్ బొమ్మ. 95030020 అంటే ఎలక్ట్రానిక్ కానిది. విడిభాగాలకు మళ్లీ వేరే నంబర్లు. ఇవన్నీ 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం షెడ్యూల్‌ల రాసి ఉంటయి.

అంటే సరుకు ఏందో తేలితే నంబరు తేలుతది, నంబరు తేలితే పన్ను తేలుతది. కొట్లాట అంతా మొదటి మెట్టు దగ్గరనే: ఇది అసలు బొమ్మేనా?

పైసల్లో చూద్దాం

2020 ఫిబ్రవరి 1 బడ్జెట్‌ల బొమ్మల మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీని 20 శాతం నుంచి ఒకేసారి 60 శాతానికి పెంచిన్రు. 2023 బడ్జెట్‌ల దాన్ని 70 చేసిన్రు. చైనా నుంచి చవక బొమ్మలు కుప్పలుగా రావడం ఆపాలె, మన దగ్గర తయారీ పెరగాలె అని సర్కారు చెప్పిన కారణం.

లెక్క సింపుల్‌గ చేద్దాం. ఓడల పోర్టు దాకా వచ్చేసరికి బొమ్మ విలువ 100 రూపాయలు అనుకోండి. 70 శాతం డ్యూటీ అంటే 70 రూపాయలు. మొత్తం 170. ఇప్పుడు దీని మీద ఐజీఎస్టీ. గమనించండి, ఐజీఎస్టీ 100 మీద కాదు, 170 మీద పడుతది. పన్ను మీద పన్ను అన్నట్టు. ఎలక్ట్రానిక్ బొమ్మకు 18 శాతం, అంటే 30 రూపాయల 60 పైసలు. మొత్తం 200 దాటింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎలక్ట్రానిక్ కాని బొమ్మలకు జీఎస్టీ 12 నుంచి 5కు తగ్గింది. వాటికైతే 8 రూపాయల 50 పైసలు, మొత్తం 178న్నర.

చూసిన్రు కదా. 100 రూపాయల బొమ్మ గోదాముల అడుగు పెట్టకముందే 200 అయింది. ఇంకా లారీ కిరాయి, హోల్‌సేలర్ లాభం, షాపాయన లాభం ఏదీ కలపలేదు. ఆ బొమ్మల ఒక చిన్న లైటు, ఒక బ్యాటరీ ఉందా లేదా అన్నదానికే 22 రూపాయల తేడా.

ఏది బొమ్మ, ఏది కాదు?

ఇక్కడే అసలు మజా. మన కంటికి బొమ్మలాగ కనిపించేవన్నీ 9503ల ఉండవు.

మూడు చక్రాల సైకిల్ 9503. పిల్లలు కాలుతో తోసుకుంటూ పోయే స్కూటర్ 9503. పెడల్ కారు 9503. కానీ చిన్న పిల్లల రెండు చక్రాల సైకిల్ మాత్రం బొమ్మ కాదు. అది 8712, పెద్ద సైకిళ్లతో పాటే. 95వ అధ్యాయం మొదటి నోట్‌లనే "పిల్లల సైకిళ్లు ఇందులోకి రావు" అని రాసి ఉంది. 2023 బడ్జెట్‌ల సైకిళ్లకు 35 శాతం, బొమ్మలకు 70 శాతం పెట్టిన్రు. అంటే ఒక చక్రం తక్కువైతే పన్ను సగం.

బొమ్మ పండుకునే చిన్న తోపుడు బండి 9503. నిజం పాప పండుకునే బండి 8715. వీడియో గేమ్ పెట్టె, పేకముక్కలు 9504. క్రికెట్ బ్యాటు 9506. పిల్లలు రంగులేసే పుస్తకం 4903, అది పుస్తకాల దిక్కు పోతది. కుక్కపిల్ల కొరుక్కునే రబ్బరు ఎముక? షాపుల దాన్ని కూడా బొమ్మ అనే అంటరు గానీ, జంతువుల కోసమే చేసినవి 9503ల రావని అధ్యాయం నోట్స్‌లనే ఉంది. ఇగ డ్రోన్. 2022ల హెచ్ఎస్ మారినప్పుడు డ్రోన్లకు 8806 అని కొత్త హెడ్డింగ్ పెట్టిన్రు. కానీ ఉత్తగ ఆట కోసమే చేసిన ఎగిరే బొమ్మ అయితే మళ్లీ 9503నే.

ఇవన్నీ ఎవరికి తోచినట్టు వాళ్లు తేల్చేవి కావు. ఆరు సాధారణ నియమాలు ఉంటయి. మొదటి నియమం ప్రకారం హెడ్డింగ్‌ల ఏం రాసి ఉంది, నోట్స్‌ల ఏం రాసి ఉంది అన్నదే లెక్క. డబ్బా మీద కంపెనీ ఏం పేరు పెట్టింది అన్నది దాని తర్వాతి ముచ్చట. రెండు మూడు వస్తువులు కలిపి ఒక సెట్‌గ అమ్మితే, ఆ సెట్‌కు అసలు గుణం ఇచ్చేది ఏది అని చూస్తరు.

విడగొట్టి తెస్తే?

తెలివైనోళ్లు అనుకునే ఉపాయం ఒకటుంది. ఎలక్ట్రానిక్ బొమ్మల విడిభాగాలను 2020ల, 2023ల పెంచిన డ్యూటీ నుంచి బయట పెట్టిన్రు. మన దగ్గర ఫ్యాక్టరీలల బిగించి బొమ్మ చేసేటోళ్లకు భారం పడొద్దని. అయితే మొత్తం బొమ్మను ముక్కలు ముక్కలుగా చేసి, విడిభాగాలని చెప్పి తెప్పిస్తే పన్ను తప్పుతది కదా?

తప్పదు. రెండో నియమం దీనికోసమే ఉంది. విప్పి తెచ్చినా, సగం బిగించి తెచ్చినా, కలిపితే పూర్తి బొమ్మ అయ్యేటట్టుంటే దాన్ని బొమ్మగానే లెక్కేస్తరు. చక్రాలు ఒక డబ్బాల, బాడీ ఒక డబ్బాల, మోటరు ఒక డబ్బాల, అన్నీ ఒకటే కంటైనర్ల సరిగ్గ లెక్కకు సరిపోయేటట్టు వస్తే ఆఫీసరుకు అర్థం కాదా?

ఎక్స్-మెన్ మనుషులా, కాదా?

మన దగ్గరే కాదు, అమెరికాల కూడా ఈ పంచాయితీ నడిచింది. అప్పట్ల అక్కడి టారిఫ్‌ల మనుషుల రూపంల ఉన్నవాటికి ఒక హెడ్డింగ్, జంతువులు, మనుషులు కాని జీవుల రూపంల ఉన్నవాటికి ఇంకో హెడ్డింగ్. మొదటి దానికి 12 శాతం, రెండో దానికి 6.8 శాతం. టాయ్ బిజ్ అనే కంపెనీ ఎక్స్-మెన్ లాంటి మార్వెల్ పాత్రల బొమ్మలు దిగుమతి చేసుకుంది. కస్టమ్స్ వాళ్లు "ఇవి మనుషుల బొమ్మలే, 12 కట్టు" అన్నరు. కంపెనీ "ఇవి మనుషులు కావు, మ్యూటెంట్లు" అన్నది.

కేసు అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కోర్టుకు పోయింది. 2003 జనవరిల జడ్జి జుడిత్ బార్జిలే కంపెనీ దిక్కే తీర్పిచ్చిన్రు. ఎక్స్-మెన్ మనుషులు కారు అని. తమ హీరోలు మనుషులే కదా, మనుషుల్లో కలవనీయకుండ దూరం పెట్టడం అన్యాయం అన్నదే కదా కథంతా అని ఫ్యాన్స్ మండిపడ్డరు. కథల మనుషులు, పన్ను కాడ మాత్రం కాదు!

ఈ తలనొప్పి అంతర్జాతీయంగ 2007ల పోయింది. 9501, 9502, 9503 అని మూడుగా ఉన్న హెడ్డింగులను ఒకటే 9503ల కలిపేసిన్రు. ఇప్పుడు మనిషి బొమ్మైనా, మ్యూటెంట్ బొమ్మైనా, కోతి బొమ్మైనా అన్నీ అదే నంబరుల.

మరి మన నిర్మల్ బొమ్మ?

ఇగ మన దిక్కు వద్దాం. నిర్మల్ 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలనే ఉండె. హైదరాబాద్–నాగ్‌పూర్ హైవే మీద పోయేటోళ్లందరికీ తెలిసిన పేరు. అక్కడి నకాషీ కళాకారులు పొనికి కర్రతో బొమ్మలు చేస్తరు. తేలికగ, మెత్తగ ఉండే కర్ర అది. ముక్కలు చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన లప్పంతో అతికి, పైన తెల్ల పూత పూసి, రంగులేస్తరు. పండ్లు, పక్షులు, జంతువులు, పల్లె పనులు చేసుకునే మనుషులు. నిర్మల్ బొమ్మలకు జీఐ గుర్తింపు, అంటే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఇప్పుడు ఆలోచించండి. నిర్మల్ రామచిలుకను విదేశాలకు పంపాలంటే దాని మీద ఏ నంబరు రాయాలె? 9503 అని వెంటనే అనేస్తరు. కానీ ఆ చిలుకను పిలగాళ్లకు ఆడుకోనిస్తరా? అద్దాల అలమార్ల పెడతరు. అలంకారం కోసం పెట్టే కర్ర ప్రతిమలకు వేరే హెడ్డింగ్ ఉంది, 4420. చిలుక అటు పోవచ్చు. అదే మనిషి రూపంల ఉన్న బొమ్మ అయితే, ఉత్త అలంకారానికి చేసినా 9503లనే ఉంటదని ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణల ఉంది. అంటే ఒకటే షాపుల, ఒకటే కర్రతోని, ఒకటే చేయి చేసిన రెండు బొమ్మలు రెండు నంబర్లలకు పోవచ్చు.

దీనితోని ఏమైతది అంటరా? అవతలి దేశంల పన్ను మారుతది. ఇంకోటి, సేఫ్టీ టెస్టులు. అమెరికాల 12 ఏళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లల కోసం చేసిన బొమ్మలకు ల్యాబ్ టెస్ట్, సర్టిఫికెట్ కావాలె. యూరప్‌ల 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు సీఈ మార్క్ కావాలె. నంబరు వేరు, సేఫ్టీ చట్టం వేరు, ఒప్పుకుంటా. కానీ కాగితం మీద ఒక దగ్గర "పిల్లల బొమ్మ" అని, ఇంకో దగ్గర "అలంకార వస్తువు" అని రాస్తే సరుకు అవతలి పోర్టుల ఆగుతది. చిన్న కళాకారుడికి ఒక్క పెట్టె ఆగితే ఆ నెల గడవడమే కష్టం.

70 శాతం గోడ నిర్మల్‌ను కాపాడిందా?

సర్కారు లెక్కల ప్రకారం 2014-15ల బొమ్మల దిగుమతులు 33 కోట్ల డాలర్ల పైన ఉండె. 2022-23 నాటికి అవి దాదాపు 16 కోట్లకు, అంటే సగానికి దిగినయి. అదే సమయంల మన ఎగుమతులు 9.6 కోట్ల డాలర్ల నుంచి 32.5 కోట్లకు పెరిగినయి. గోడ పని చేసిందనే చెప్పాలె.

కానీ ఆ ఖాళీని నింపింది ఎక్కువగ ప్లాస్టిక్ బొమ్మలు, ఎలక్ట్రానిక్ బొమ్మలు చేసే మన ఫ్యాక్టరీలు. నిర్మల్ బొమ్మకు చైనా రిమోట్ కారు నేరుగ పోటీ కాదు. నిర్మల్‌కు ఉన్న కష్టాలు వేరే. పొనికి చెట్లు అడవిల తగ్గుతున్నయి. కర్ర దొరకాలె, దొరికితే రేటు భరించాలె. ఒక్కో బొమ్మకు పట్టే టైము ఎక్కువ, వచ్చే పైసలు తక్కువ. అందుకే కళాకారుల పిల్లలు వేరే పనుల దిక్కు పోతున్నరు. ఎంత డ్యూటీ పెంచినా అడవిల పొనికి మొక్క మొలవదు. పన్ను బయటోణ్ని ఆపుతది అంతే. లోపలోణ్ని నిలబెట్టడం వేరే పని: చెట్లు పెంచుడు, కర్ర సరఫరా, మంచి మార్కెట్.

ఐఎస్ఐ ముచ్చట

పన్ను ఒక్కటే కాదు, ఇంకో గోడ కూడా ఉంది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి. దేశంల చేసినా సరే, బయటి నుంచి తెచ్చినా సరే. మొన అంచులు, నిప్పంటుకునే గుణం, రంగులల సీసం లాంటి విష పదార్థాలు, అన్నీ టెస్ట్ చేస్తరు. 2019ల క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన పరీక్షల్లో దిగుమతి బొమ్మల్లో దాదాపు 67 శాతం ఫెయిలైనయి. నోట్ల పెట్టుకునే వస్తువు కదా, చిన్న సంగతి కాదు.

ఈ రూల్ నిర్మల్ లాంటి చోట్లకు వస్తే? ఇంటి ముంగట కూసొని చెక్కే మనిషి ల్యాబ్ ఎక్కడి నుంచి తెస్తడు? అందుకే 2020 చివర్ల సడలింపు ఇచ్చిన్రు. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర రిజిస్టర్ అయిన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు, జీఐ కింద నమోదైన యజమానులు, అధీకృత వాడకందార్లు చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. ఇక్కడ కీలకం ఏందంటే, నిర్మల్‌ల ఉన్నంత మాత్రాన సరిపోదు. కాగితం మీద పేరు ఉండాలె. మీ ఇంట్ల, మీ వాడల కళాకారులు ఉంటే ఆర్టిజన్ కార్డు ఉందా, జీఐ అధీకృత వాడకందారుగ పేరు ఎక్కిందా అని అడగండి. ఫోన్ వాడొచ్చిన పిల్లలు ఇంట్ల పెద్దలకు చేసిపెట్టగలిగే మంచి పని ఇదే.

గల్ఫ్ బ్యాగుల బొమ్మ

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ దిక్కు గల్ఫ్‌కు పోనోళ్ల ఇల్లు తక్కువ. వచ్చేటప్పుడు పిల్లలకు బొమ్మ తేకుండ ఎవరు వస్తరు? భయపడకండి. ప్రయాణికుడి బ్యాగుల వచ్చే సామానుకు 9503 చూడరు. దానికి 9803 అని వేరే హెడ్డింగ్, బ్యాగేజీ మొత్తానికి ఒక్కటే లెక్క. పరిమితి లోపల ఉంటే పన్నే లేదు. 2016 బ్యాగేజీ రూల్స్‌ల ఆ పరిమితి 50,000 రూపాయలు పెట్టిన్రు. ఇవి మారుతుంటయి కాబట్టి బయల్దేరే ముందు కస్టమ్స్ వెబ్‌సైట్ల చూసుకోమని చెప్పండి. కానీ ఒకటే రకం బొమ్మలు 50 తెస్తే "పిల్లల కోసం" అంటే నమ్మరు. అది వ్యాపారమే.

బిజినెస్ చేద్దామనుకునేటోళ్లకు

మొదట డీజీఎఫ్‌టీ దగ్గర ఐఈసీ నంబరు తీసుకోవాలె, ఫీజు 500 రూపాయలు. ఆర్డర్ పెట్టకముందే రెండు ప్రశ్నలు: ఆ ఫ్యాక్టరీకి బీఐఎస్ లైసెన్స్ ఉందా? సరుకు నంబరు ఎంత? అవతలి సప్లయర్ "కోడ్ మేం వేస్తం, ఫికర్ చేయకు" అంటే నమ్మకండి. మన దేశంల సెల్ఫ్ అసెస్‌మెంట్ పద్ధతి. బిల్ ఆఫ్ ఎంట్రీల నంబరు చెప్పేది దిగుమతిదారే, బాధ్యత కూడా ఆయనదే. తక్కువ పన్ను కట్టినట్టు తేలితే రెండేళ్ల వెనక్కి పోయి అడగొచ్చు. కావాలని దాచిపెట్టినట్టు తేలితే ఐదేళ్ల వెనక్కి పోతరు, ఎగ్గొట్టిన డ్యూటీ అంత పెనాల్టీ కూడా పడుతది, వడ్డీ వేరే. అప్పటికి బొమ్మలు అమ్ముడుపోయి, పైసలు ఖర్చయి ఉంటయి.

నిజంగనే డౌట్ ఉంటే సరుకు తెప్పించకముందే అడిగే దారి ఉంది. అడ్వాన్స్ రూలింగ్ అంటరు. ఢిల్లీల, ముంబైల దీనికి అథారిటీలు ఉన్నయి. "నా సరుకు ఇది, నంబరు ఏది?" అని దరఖాస్తు పెడితే జవాబు రాతపూర్వకంగ వస్తది. అడిగినోళ్లకు, కస్టమ్స్‌కు కొన్నేళ్ల పాటు అదే లెక్క.

కొనేటోళ్లకు ఒకటే మాట. బీఐఎస్ కేర్ అని యాప్ ఉంది, ఫ్రీ. బొమ్మ మీద ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని ఒక నంబరుంటది. దాన్ని యాప్‌ల కొడితే లైసెన్స్ అసలుదా, ఎవరిది, ఇంకా నడుస్తున్నదా అన్నీ వస్తయి. దొంగ మార్క్ అయితే అందులనే ఫిర్యాదు చేయొచ్చు. 2023 జనవరిల బీఐఎస్ దేశమంతా చేసిన దాడుల్లో 18,600 బొమ్మలు పట్టుకున్నట్టు చెప్పిన్రు, అవి కూడా పెద్ద పెద్ద మాల్స్‌ల, ఎయిర్‌పోర్టు షాపులల. కాబట్టి షాపు మెరుస్తున్నది కదా అని గుడ్డిగ నమ్మకండి.

ఈ వారం ఇంట్ల ఉన్న ఒక బొమ్మ తీసి చూడండి. ఎక్కడ చేసిన్రు, ఐఎస్ఐ ఉందా, నంబరు యాప్‌ల దొరుకుతున్నదా? కామెంట్‌ల రాయండి. నిర్మల్ బొమ్మ ఉంటే దాని ఫొటో పెట్టి, అది 9503నా, 4420నా, మీకేమనిపిస్తున్నదో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌ల మీ జవాబుల మీదనే మాట్లాడుకుందాం. ఉంటా మరి, నమస్తే.